గృహిణీ ప్రసంగము: నిలువని అవధానము, రాని అనుమతి

క్రిందటి సంచికలో మాగాయ జాడీలనుగూర్చి వ్రాసెదమని మాట యిచ్చి యుంటిమి. ఆ మాట యీ మాసమునకు తప్పుచున్నాము, క్షమింపవలెను. మాఘమాసములో ఒకనాటి తెల్లవారుజామున మా ఆడుబిడ్డ అమెరికానుండి ఫోను చేసి గంటసేపు కన్నీరు పెట్టుకొనినది. బిడ్డకు జబ్బు చేసినదని కాదు, జబ్బునకు మందు లేదనియు కాదు. మందు ఉన్నది. వైద్యురాలు చీటీ వ్రాసినది. మందులషాపులో సీసా సిద్ధముగా నున్నది. ఇన్సూరెన్సువారు మాత్రము దానికి సొమ్ము చెల్లింపజాలమని జాబు పంపిరి. జీతములోనుండి నెలనెల ప్రీమియము పట్టుకొను వారే ఇట్లనిరి.

మన పాఠకురాండ్రలో కూతురో, చెల్లెలో, తోడికోడలో ఆ దేశమున లేనివారు ఇపుడు తక్కువ. వారి సంసారముల సంగతి మనకు పండుగనాటి పటములలో తెలియును గాని, ఇట్టి కష్టములు తెలియవు. కావున ఈ మాసము దీనినే వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకొనవలెను. రెండేండ్లక్రిందట వేసవిలో ఆ బాలుడు తల్లితో మా యింటికి వచ్చి నెలదినము లుండెను. అప్పటి కతనికి ఏడేండ్లు. కరివేపాకు రెమ్మ తెమ్మని పెరటిలోనికి పంపితిమి. అరగంటకు ఉడుతను చూచిన కథతో తిరిగి వచ్చెను గాని కరివేపాకు రాలేదు. మీదుమిక్కిలి పెరటి కుళాయి విప్పి మరచినందున మిద్దెమీది తొట్టి నీరంతయు కాలువ కట్టినది. ఎండబెట్టిన ఒడియముల మీదుగా రెండుమారులు పరుగెత్తెను. మావారు కూర్చుండబెట్టి ఎక్కము వ్రాయించిన మూడవ పంక్తికి లేచెను. బడిపంతులింటికి వచ్చి బడి లెక్కచేయని బిడ్డ అని వచ్చినవారెల్ల నవ్విరి. మేమును ఊరకుండక, "పిల్లవాడన్నాక అల్లరి చెయ్యడా? నువ్వే ముద్దుచేసి చెడగొట్టావు" అని మా ఆడుబిడ్డను నలుగురిలో అంటిమి. ఆమె మారు పలుకక లోనికి పోయినది. ఆ రాత్రి డాబామీద పక్కలు పరచుచుండగా ఆ బాలుడు మా కొంగు పట్టుకొని, "అత్తా, నేను కావాలని చెయ్యలేదు. నువ్వు చెప్పింది దారిలో పోతుంది" అనెను. అప్పుడు నవ్వి త్రోసివేసితిమి. చెప్పినది దారిలో పోవుట! తరువాత మేము చదివిన వైద్యపు మాటలలో ఇంత చక్కగా ఆ జబ్బును చెప్పిన మాట మాకు కనబడలేదు.

ఆ సంవత్సరమే అచ్చటి పిల్లల వైద్యురాలు పరీక్షించి ఏ.డి.హెచ్.డి. యని నిర్ణయించినది. అవధానలోపము, అతిచాంచల్యము అని తెనుగు చేయవచ్చును. అవధానమన్న మాట తెలుగువారికి క్రొత్త కాదు. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుచుండగా, నడుమ గంట మ్రోగుచుండగా, వీపుమీద పువ్వులు పడుచుండగా ఒక్క పాదమును జారనీయని అవధానిని చూచి చప్పట్లు కొట్టు జాతి మనది. ఆ అవధాని తలలో ఏ పట్టు నిలిచియున్నదో ఆ పట్టు ఈ బిడ్డల తలలో నిలువదు. మెదడులో వార్తలు మోయు డోపమిన్, నార్ఎపినెఫ్రిన్ అను రసాయనముల నడకలో భేదముండునని వైద్యులు చెప్పుదురు. వంశములో వచ్చుటయు మెండు. పెంపకము చెడుటవలన పుట్టినది కాదు. ఒక్కచోట అల్లరి చేసినంతమాత్రమున ఈ పేరు పెట్టరు. పండ్రెండేండ్లలోపుననే లక్షణములు కనబడవలెను, ఆరు నెలలైనను ఉండవలెను, ఇంటను బడిని రెండుచోట్లను చిక్కు కలిగింపవలెను. అందుచేత వైద్యురాలు తల్లిమాటతో పాటు బడిపంతులమ్మ వ్రాతను కూడ అడుగును. ఈ సంగతి వినినపుడు మావారు చాలసేపు మాటాడలేదు. తాను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక బాలుని నెలకు పదినాళ్లు తరగతి వెలుపల నిలువబెట్టుచుండిరట. "వాడూ ఇంతేనేమో" అని మాత్రము అనిరి.

ఇక మందులు. ఇవి రెండు తెగలు. మొదటి తెగ ఉద్దీపకములు, అనగా మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమిన్ జాతివి. పేరు ఉద్దీపకమైనను ఈ బిడ్డలలో చాలమందికి చాంచల్యమును అణచును. వేసిన గంటకే గుణము కానవచ్చును. దీర్ఘకాలముగా వాడుకలోనున్నవి, సాక్ష్యము బలముగా నున్నవి. అమెరికా బాలవైద్యుల అకాడమీ 2019లో ప్రకటించిన మార్గదర్శకములలోను ఆరేండ్లు దాటిన బిడ్డలకు మందులలో వీటికే పెద్దపీట వేసినారు. ఆరేండ్లలోపు బిడ్డలకు మాత్రము మొదట తల్లిదండ్రులకే శిక్షణ నిచ్చి పెంచు పద్ధతి నేర్పవలెనని వారి మాట. అయితే ఈ మందులు దుర్వినియోగమున కాస్కారమున్నవగుటచేత ఆ దేశపు చట్టము వీటిని రెండవ షెడ్యూలులో చేర్చినది. ఒకమారు వ్రాసిన చీటీపై మరల మరల తెచ్చుకొనుటకు వీలులేదు. ప్రతిమారు క్రొత్త చీటీ కావలెను. 2022 అక్టోబరులో యాంఫెటమిన్ మందునకు కొరత వచ్చినదని అచ్చటి ప్రభుత్వమువారే ప్రకటించిరి. తల్లులు ఊరెల్ల మందులషాపులు తిరిగిరి.

రెండవ తెగ ఉద్దీపకములు కానివి. అందు మొదటిది ఆటమాక్సెటిన్. 2002లో ఎఫ్.డి.ఏ. అనుమతి పొందినది. తొలుత దీనిని దిగులు జబ్బునకై పరిశీలించిరట. అందుకు గాక ఇందుకు పనికివచ్చినది. 2017లో దీనికి చౌకయైన జెనరిక్ మందులు వచ్చినవి. రెండవది గ్వాన్‌ఫసిన్, మూడవది క్లోనిడిన్; రెండును రక్తపుపోటు మందులే, మెల్లగా కరగునట్లు చేసి మొదటిదానికి 2009లోను, రెండవదానికి 2010లోను ఆరునుండి పదునేడేండ్ల బాలబాలికలకై అనుమతి నిచ్చిరి. నాల్గవది విలాక్సజిన్. 2021లో పిల్లలకును, 2022లో పెద్దలకును అనుమతి యయ్యెను. వీనిలో ఏదియు రెండవ షెడ్యూలులోనిది కాదు. ఉద్దీపకములవలన ఆకలి చచ్చిన బిడ్డకు, నిద్ర పట్టని బిడ్డకు, కనురెప్పలు మెడ అదరు జబ్బు హెచ్చిన బిడ్డకు, గుండెలో లోపమున్న బిడ్డకు, మత్తుమందుల అలవాటున్నవారి ఇంట పెరుగు బిడ్డకు వైద్యులు వీనివైపు చూతురు. గుణము మాత్రము నిదానము. ఆటమాక్సెటిన్ పూర్తిగా పనిచేయుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టవచ్చును. మూడవనాడు మార్పు లేదని మానిపింపరాదు.

తల్లులు గుర్తుంచుకొనవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఆటమాక్సెటిన్, విలాక్సజిన్ డబ్బాలమీద పెట్టెగట్టి ముద్రించిన హెచ్చరిక యుండును: కొందరు బిడ్డలకు చనిపోవలెనను తలంపులు రావచ్చును, మొదటి నెలలలోను మోతాదు మార్చినపుడును కనిపెట్టి యుండవలెను. బిడ్డ మాట తగ్గినను, వింతగా చిరాకుపడినను నాగాచేయక వైద్యునికి చెప్పవలెను. ఆటమాక్సెటిన్ గొట్టపు మాత్ర విప్పరాదు, లోని పొడి కంటికి మంట. విలాక్సజిన్ గొట్టము విప్పి చెంచాడు ఆపిలు గుజ్జుమీద చల్లి నమలకుండ మ్రింగింపవచ్చును. గ్వాన్‌ఫసిన్ మాత్ర నూరరాదు, కొరకరాదు, మిక్కిలి నేతివంటతో ఈయరాదు. అంతకంటె ముఖ్యము, గ్వాన్‌ఫసిన్, క్లోనిడిన్ ఒక్కుమ్మడి ఆపరాదు, రక్తపుపోటు ఎగయును. మెల్లమెల్లగా తగ్గించుట వైద్యుని పని. ఇన్సూరెన్సు అనుమతి గడువు తీరి, సీసా అయిపోయి, రెండు వారములు జాబుకై ఎదురుచూచిన ఇండ్లలో ఈ ప్రమాద మున్నది.

ఇప్పుడు ఇన్సూరెన్సు మాట. మన దేశమున సామాన్యముగా ఆరోగ్యబీమా అనగా ఆసుపత్రిలో పడుకొనిన ఖర్చు. అచ్చట నెలనెలా వాడు మందులకును బీమా యుండును. అయితే ప్రతి కంపెనీయు తాను చెల్లించు మందుల పట్టిక నొకటి ఉంచును. ఆ పట్టికను ఫార్ములరీ యందురు. అందులో అంతస్తులుండును: జెనరిక్ మందులు క్రింది అంతస్తు, వెల తక్కువ, మన చేతినుండి పడునదియు తక్కువ, బ్రాండు పేరుతోనున్న క్రొత్త మందులు పై అంతస్తు. పై అంతస్తు మందులకు తరచుగా రెండు తాళములు వేయుదురు. ఒకటి ముందస్తు అనుమతి: వైద్యుడు కారణము వ్రాసి పంపి, వారు సరేననువరకు షాపువాడు బీమామీద మందీయడు. రెండవది మెట్లవారీ చికిత్స. అనగా, చౌక మందు ముందు వాడి అది పనికిరాలేదని చూపిన తరువాతనే ఖరీదైన మందునకు ఎక్కవలెను. దీనినే "ముందు ఓడి రమ్ము" అను పద్ధతి యని అచ్చటివారే ఎత్తిపొడుచుచుందురు. ఓడునది మందో, కంపెనీయో కాదు, తొమ్మిదేండ్ల బిడ్డ. ఇవి గాక వయస్సు తాళము మరియొకటి. గ్వాన్‌ఫసిన్‌కు అనుమతి పదునేడేండ్లవరకే గనుక పెద్దవారికి వ్రాసినచో నిరాకరించు పట్టికలు కలవు.

న్యాయము చెప్పవలెనన్న ఈ మెట్లకు కారణము బొత్తిగా లేకపోలేదు. ఉద్దీపకముల సాక్ష్యము బలమైనది, జెనరిక్‌ల వెల తక్కువది, ప్రతివానికి మొదటనే క్రొత్త మందు వ్రాసిన అందరి ప్రీమియములును పెరుగును. మేమును ఇంటిఖర్చు చూచుకొను వారమే గనుక ఆ మాట మాకు తెలియును. కాని బియ్యము బేరమాడినట్లు బిడ్డమీద బేరమాడరాదు గదా. మెట్టు ఎక్కవలసినదే యనుకొందము. ఎక్కివచ్చిన బిడ్డను మరల క్రిందికి దింపి మొదటినుండి ఎక్కుమనుట ఎక్కడి న్యాయము?

మా ఆడుబిడ్డకు జరిగినది సరిగా అదియే. వెనుకటి ఉద్యోగములో నున్నపుడు బాలునకు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చిరి. బడిలో కుదురు వచ్చినది గాని, మధ్యాహ్నపు డబ్బా తెరువకయే ఇంటికి తెచ్చుచుండెను. మూడు నెలలలో ఇరువదిమూడు కిలోల బిడ్డ ఇరువదియొక్క కిలోలయ్యెను. అంతట కనురెప్పలు టపటప కొట్టుకొనుట మొదలైనది. వైద్యురాలు మానిపించినది. ఇంతలో మా బావగారికి, అనగా మా ఆడుబిడ్డ మగనికి, క్రొత్త ఉద్యోగము వచ్చి టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు ఉత్తరముననున్న ఫ్రిస్కోకు కాపురము మార్చిరి. ఉద్యోగము మారినచో అచ్చట బీమాయు మారును. అచ్చటి క్రొత్త వైద్యురాలు గ్వాన్‌ఫసిన్ ఇచ్చి చూచినది; బాలుడు రెండవ గంటకే తరగతిలో నిద్రపోవుచుండెను, మోతాదు తగ్గించిన గుణము పోవుచుండెను. ఆటమాక్సెటిన్ గొట్టమును మ్రింగలేక మూడుదినములు వాంతి చేసుకొనెను. అప్పుడు విలాక్సజిన్ వ్రాసినది. ఇన్సూరెన్సు జాబు ఇట్లు వచ్చెను: ఒక ఉద్దీపకమును, ఆటమాక్సెటిన్‌ను వాడి చూచినట్లు మా దప్తరమున లేదు గనుక నిరాకరించితిమి.

వారి దప్తరమున లేకుండుట నిజమే. ఆ మందు వాడినది మరియొక కంపెనీ బీమామీద, మరియొక రాష్ట్రములో. ఆ కిలోలు తరిగినది మాత్రము ఈ బిడ్డ ఒంటినుండియే.

ఈ సంగతి మా యింట తెలియగానే తలకొక మాట అనిరి. మా అత్తగారు, "అంత పసివాడికి బుర్రమందులెందుకే? మానెయ్యండి" అనిరి. మానిన పిదప బడినుండి రోజొక చీటీ వచ్చుచున్నదని చెప్పగా, "అయితే మందు ఇక్కడే కొని పంపరాదా" అనిరి. సోదరీమణులారా, ఈ ఆలోచన చాల యిండ్లలో పుట్టును గనుక చెప్పుచున్నాము. ఇచ్చటి మందులను సొంతవాడుకకై టపాలో తెప్పించుకొనుట ఆ దేశపు చట్టప్రకారము సామాన్యముగా తగదు. ఉద్దీపకములైనచో అది నేరమే యగును. ప్రేమకొలది పంపిన పొట్లము కస్టమ్సువారి చేతబడినచో ఆ కాపురమునకే చిక్కు. అత్తగారికి ఈ మాట నచ్చచెప్పుటకు మాకు రెండు పూటలు పట్టినది.

మా బావగారి భయము వేరు. అప్పీలు వేసిన ఆఫీసులో బిడ్డ జబ్బు తెలియునేమో, ఉద్యోగమునకు మాట వచ్చునేమో, వీసా మీద నున్నవారమని పదిదినములు కాగితము ముట్టలేదు. మా ఆడుబిడ్డ ఫోనులో ఏడ్చినది ఈ పదవ దినముననే. "అన్నయ్యకి చెప్పకు వదినా, ఆయన్ని తప్పుగా అనుకుంటాడు" అనినది. మేము చెప్పితిమి. దాచిన మాటలతో రెండేండ్ల క్రిందట ఎంత నష్టమయినదో ఎరిగి యుండియు మరల దాచుట మాకు చేతకాలేదు. మావారు కోపపడలేదు. నిరాకరణ జాబు పటము తీసి పంపుమనిరి. ఆ సాయంకాలము పరీక్షపత్రములు దిద్దుట మాని జాబును మూడుమారులు చదివిరి.

చదువగా తెలిసినది ఇది. నిరాకరణ జాబులో కారణము స్పష్టముగా వ్రాయవలెను, అప్పీలు చేయు దారి చెప్పవలెను. ఏ నియమమునుబట్టి కాదనిరో ఆ నియమపు కాగితమును అడిగినచో రుసుము లేకుండ ఈయవలెను. అప్పీలునకు జాబు అందిననాటినుండి 180 దినముల గడువున్నది. మందు ఇంకను కొనకముందు వేసిన అప్పీలుపై ముప్పది దినములలోపల తీర్పు చెప్పవలెను; ఆలస్యమైన ప్రమాదమని వైద్యుడు వ్రాసినచో 72 గంటలలో చెప్పవలెను. అక్కడను కాదన్నచో, వైద్యవిషయపు తగవైనపుడు, కంపెనీకి సంబంధములేని బయటి వైద్యుల పరిశీలనకు నాలుగు నెలలలోపల కోరవచ్చును. ఈ బయటి పరిశీలనకు హక్కు 2010 నాటి ఆరోగ్యచట్టమువలన వ్యాపించినది.

ఇక్కడ ఒక మెలిక కలదు. టెక్సాసు రాష్ట్రము 2017లో మెట్లవారీ చికిత్సను గూర్చి మంచి చట్టము చేసినది. ముందు మెట్టు మందు ఇదివరకే, వేరొక బీమామీదనైనను సరే, వాడి విఫలమైనదని వైద్యుడు వ్రాసినచో మినహాయింపు ఈయవలెననియు, 72 గంటలలో కాదనకున్న అనుమతించినట్లే యగుననియు అందున్నది. చదివి మేమెంతయో సంతోషించితిమి. అయితే ఇన్సూరెన్సు కార్డుమీద టి.డి.ఐ. అనిగాని డి.ఓ.ఐ. అనిగాని అక్షరములున్న బీమాకే రాష్ట్రపు చట్టము అన్వయించును. మా ఆడుబిడ్డ కార్డు త్రిప్పి త్రిప్పి చూచినది, ఆ అక్షరములు లేవు. పెద్ద కంపెనీలు పెక్కు తమ ఉద్యోగుల వైద్యపు ఖర్చును తామే భరించుచు, ఇన్సూరెన్సు కంపెనీని గుమాస్తావలె లెక్కలు చూచుటకు మాత్రము పెట్టుకొనును. కార్డుమీద పేరు ఇన్సూరెన్సువారిదే యైనను సొమ్ము యజమానిది. ఇట్టి బీమాలు 1974 నాటి ఎరీసా యను కేంద్రచట్టము క్రిందివి. రాష్ట్రపు చట్టము వానిని తాకదు. సాఫ్టువేరు ఉద్యోగులైన మన తెలుగువారిలో ఎందరి కార్డులో ఇట్టివే. మెట్లవారీ చట్టములు సగమునకు పైగా రాష్ట్రములలో నున్నవి గాని, కార్డు ఎట్టిదో తెలియకుండ వానిమీద ఆశపెట్టుకొనరాదు.

కేంద్రచట్టములలో పనికివచ్చునది మరియొకటి కలదు. 2008లో మానసికరోగముల సమానతా చట్టము చేసిరి. శరీరపు జబ్బులకు లేని గట్టి నియమములను మనోవ్యాధుల మందులకు పెట్టరాదని దాని సారము. ముందస్తు అనుమతియు, మెట్లవారీ చికిత్సయు ఈ లెక్కలోనికి వచ్చును. మెట్లు ఉండనేరాదని కాదు. ఉబ్బసము, చక్కెరజబ్బులకు ఏ తూకముతో మెట్లు పెట్టితిరో ఇక్కడను ఆ తూకమే యుండవలెను. మావారు అప్పీలులో ఒక్క వాక్యము చేర్పించిరి: ఇతర వ్యాధుల మందులకు మీరు వేరొక బీమామీద వాడిన మందును లెక్కించుచున్నారా, లెక్కించినచో ఇక్కడ ఏల లెక్కింపరు?

వాక్యములకంటె కాగితములే ఎక్కువ పనిచేసినవని మా నమ్మకము. వెనుకటి ఊరి మందులషాపునుండి ఏయే తేదీన ఎన్ని మాత్రలు ఇచ్చిరో ముద్రించిన పట్టిక తెప్పించినది. ఫోను చేసి అడిగిన పంపిరి. రెండేండ్లుగా ఎవరును అడుగలేదు గనుక అక్కడనే యున్నది. పాత వైద్యురాలి యొద్దనుండి తూకపు పట్టికయు, కనురెప్పల సంగతి వ్రాసిన పుటయు వచ్చినవి. క్రొత్త వైద్యురాలు, గొట్టపు మాత్ర మ్రింగలేడనియు, అది విప్పి ఈయరానిదనియు, వ్రాసిన మందు విప్పి చల్లదగినదనియు నాలుగు పంక్తులు వ్రాసినది. బడి పంతులమ్మ, తరగతిలో నిద్రపోయిన దినములు లెక్కపెట్టి ఇచ్చినది. ఇది మావారి సలహా. జాబు మీద సంతకము మా ఆడుబిడ్డ చేసినది. మా బావగారు చదివి, ఒక తేదీ దిద్ది, తపాలాబిళ్ల అంటించి తానే వేసివచ్చిరట. మేనేజరు కెవరికిని ఆ కాగితము పోదని ఆయనకు అప్పటికి తెలిసినది.

ఈ నడుమ మందు లేకుండ ఎట్లని అడుగుదురు. వైద్యురాలు గ్వాన్‌ఫసిన్‌ను మెట్టుమెట్టుగా తగ్గించి ఆపినది, తన యొద్దనున్న నమూనా మాత్రలు రెండు వారములకు ఇచ్చినది. మిగిలిన దినములు బిడ్డయు తల్లియు ఎట్లో గడపిరి. ఆ దినములలో ఒకనాడు అతడు బస్సు దిగి ఇల్లు దాటి రెండు వీధులు నడచిపోయెనట. పొరుగింటి గుజరాతీ ఇల్లాలు చేయిపట్టి తెచ్చినది.

పేదలకై ప్రభుత్వము నడపు మెడికెయిడ్ బీమాలో నియమము కొంత మెత్తన. ముందస్తు అనుమతి అడిగినచో 24 గంటలలో బదులు చెప్పవలెను, అత్యవసరమైన 72 గంటలకు సరిపడు మందు ఈయవలెను. ఉద్యోగపు బీమావారికి ఇట్టి సదుపాయము అంత సులభముగా లేకుండుట మాకు వింతగా తోచినది.

మన దేశపు మాట యేమని కొంద రడుగవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఇరువదియొకటవ సెక్షనులో శారీరక వ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును బీమా ఈయవలెనని వ్రాసిరి. 2018లో అది అమలునకు వచ్చినది. కాని ఆసుపత్రిలో చేరనిది బీమా అందని పాలసీలలో నెలనెలా వాడు మాత్రలకు ఆ సెక్షను వలన చేతికి వచ్చునది స్వల్పము. ఇచ్చటి తల్లులు ముందస్తు అనుమతి అడుగనక్కరలేదు. సొమ్ము మాత్రము తామే పెట్టుకొందురు. బిడ్డకు ఈ జబ్బున్నదని నలుగురికి చెప్పుటకు మనము పెట్టు అడ్డంకులు వేరు, వానికి అప్పీలు లేదు.

ఇరువదియారవ దినమున మా ఆడుబిడ్డకు జాబు వచ్చినది. అప్పీలు అంగీకరించిరి. సీసా ఇంటికి వచ్చినది; సంవత్సరారంభమగుటచేత డిడక్టిబుల్ తీరువరకు వారి చేతి సొమ్మే చాల పడినది, ఆ సంగతి ఎవరును ముందు చెప్పలేదు. మందు గుణము ఇంకను తేలలేదు, నాలుగు వారములే అయినవి. తూకము మాత్రము తగ్గలేదు. మొన్న ఫోనులో ఆ బాలుడు, తానే గొట్టము విప్పి ఆపిలు గుజ్జుమీద చల్లుకొనుచున్నానని గర్వముగా చెప్పెను. మేము, రెండేండ్ల క్రిందట అన్న మాటకు అతని తల్లిని క్షమాపణ అడిగితిమి. ఆమె, "పోనీలే వదినా" అని, మాగాయలో మెంతిపిండి పాలెంత అని అడిగినది.

అనుమతి పండ్రెండు నెలలకే. గడువునకు నెల ముందే వైద్యురాలు మరల కాగితము పంపవలెను. ఆ తేదీని మా ఆడుబిడ్డ వంటింటి గోడనున్న తెలుగు క్యాలెండరులో, ఇచ్చటనుండి మేము పంపినదే, ఎఱ్ఱసిరాతో చుట్టినదట. ఆనాడు ఏ తిథియో చూచి చెప్పుమని మా అత్తగారు అడిగిరి.